రాత్రి ఆకాశాన్ని కార్డు మీద గీసి పోస్టులో పంపుకోవడం: సమగ్ర మార్గదర్శి

రాత్రి ఆకాశాన్ని చిన్న కార్డు మీద చిత్రించి పోస్టులో ఒకరికొకరు పంపుకోవాలనుకునేవారు అడిగే సందేహాలు దాదాపు అన్నీ రెండు చోట్లకే వచ్చి చేరతాయి. గీసినది ఆకాశంలా కాకుండా నల్ల కాగితం మీద తెల్ల మచ్చల్లా కనిపిస్తోందన్నది మొదటిది. బాగా కుదిరిన బొమ్మ అవతలివారి చేతికి చేరేసరికి గీతలు పడో, తడిసో, మూల విరిగో ఉంటోందన్నది రెండోది.

రెండింటికీ విరుగుడు కుంచె పట్టకముందే మొదలవుతుంది. మీరు గీయబోయేది ఏ ఊరి ఆకాశం, ఏ రాత్రిది, ఏ దిక్కుది అన్నవి ముందే తేల్చుకోవాలి. ఆ కార్డు ఎంత కొలతలో, ఏ కవరులో, ఎవరింటికి వెళ్తుందన్నది కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది. ఒక మెట్టు పూర్తయ్యాకే తర్వాతి దానికి వెళ్ళండి.

1. ముందు ప్రయాణం, తర్వాత బొమ్మ

కార్డును కవరు లేకుండా పంపుతారా, కవరులో పెట్టి పంపుతారా అన్నది మొదటి నిర్ణయం. కవరు లేకుండా వెళ్ళే కార్డు మీద పోస్టు ముద్ర నేరుగా పడుతుంది, వాన చినుకు తగులుతుంది, ఇతర ఉత్తరాల రాపిడి తప్పదు. ఆ ముద్రలే కార్డుకు అందమని భావించేవారు ఉన్నారు, అది సరైన ఇష్టమే. కానీ నీటిరంగులతో, పోస్టర్ రంగులతో వేసిన రాత్రి ఆకాశానికి ముదురు రంగు ఎక్కువ కాబట్టి చిన్న గీత కూడా తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందువల్ల మొదటిసారి చేసేవారు కవరులోనే పంపాలని నా గట్టి సలహా.

రెండోది కొలత. మన పోస్టుకార్డు 14 × 9 సెంటీమీటర్లు ఉంటుంది. అంతర్జాతీయ తపాలా నిబంధనల ప్రకారం కార్డు కనీసం 14 × 9, గరిష్ఠంగా 23.5 × 12 సెంటీమీటర్లు ఉండాలి. కాబట్టి 14 × 9 కొలత పెట్టుకుంటే ఊళ్ళోకైనా విదేశానికైనా ఇబ్బంది ఉండదు. ఒక ఏ4 డ్రాయింగ్ కాగితంలో ఈ కొలత కార్డులు నాలుగు వస్తాయి.

మూడోది బరువు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాగితంతో చేసిన 14 × 9 కార్డు సుమారు 4 గ్రాములు తూగుతుంది. దానికి వెనుక పెట్టే అట్ట, కవరు, ఒక ఉత్తరం కలిస్తే 20 గ్రాముల మొదటి మెట్టులో ఒకటి రెండు కార్డులు హాయిగా ఇముడుతాయి. మూడో కార్డు పెడితే తూకం వేయించక తప్పదు.

2. సామాన్లు

కాగితం మీద పొదుపు చేయకండి. మిగతా అన్నిటి మీదా చేయవచ్చు. పల్చని డ్రాయింగ్ కాగితం రాత్రి ఆకాశానికి కావలసిన నీటిని, పూత మీద పూతను తట్టుకోలేక ఉబ్బి, పొరలు లేస్తుంది.

సరిచూసుకోవలసిన జాబితా:
– 300 జీఎస్ఎం నీటిరంగుల కాగితం, కొద్దిగా గరుకుగా ఉన్నది
– రంగులు: ఇండిగో, అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ (మూడూ నీలాలే), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), నలుపు
– చుక్కలకు పోస్టర్ రంగుల్లోని తెలుపు, విడిగా ఒక తెల్ల జెల్ పెన్
– ఒక అంగుళం వెడల్పు చదును కుంచె, 6వ నంబరు, 1వ నంబరు గుండ్రటి కుంచెలు
– పాత టూత్‌బ్రష్, మాస్కింగ్ టేప్, గట్టి పలక, రెండు గ్లాసుల నీళ్ళు, పాత నూలుగుడ్డ
– పెన్సిలు, స్కేలు, బటర్ పేపర్

నీటిరంగులు ఖరీదనిపిస్తే ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికే కామెల్ పోస్టర్ రంగులు చాలు. వాటితో ఒకే ఒక జాగ్రత్త అవసరం: ఎండిన పూత మీద మళ్ళీ తడి తగిలితే కింది రంగు కరిగి లేస్తుంది, కనుక రెండో పూత వేసేటప్పుడు కుంచెను ఒక్కసారే లాగి వదిలేయాలి, రుద్దకూడదు.

3. గీయవలసిన ఆకాశాన్ని ఎంచుకోవడం

ఊహించి గీసిన ఆకాశం అన్ని కార్డుల్లోనూ ఒకేలా వస్తుంది. చూసి గీసిన ఆకాశం ఏ రెండు కార్డుల్లోనూ ఒకేలా రాదు. అందుకే మేడ మీదికి ఎక్కి, కళ్ళు చీకటికి అలవాటు పడేందుకు 20 నుంచి 30 నిమిషాలు ఇవ్వండి. ఈ లోపల ఫోను వైపు చూస్తే ఆ అలవాటు పోయి మళ్ళీ మొదటికొస్తుంది. కాగితం చూసుకోవడానికి టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టి వాడండి.

ఏ నెలలో ఏవి బాగా కనబడతాయో తెలిస్తే సగం పని తేలిక. డిసెంబరు నుంచి మార్చి వరకు సాయంత్రం ఆకాశంలో ఓరియన్ రాశి (వేటగాడి ఆకారంలో ఉండే నక్షత్రాల గుంపు), దానికి దగ్గర్లో రోహిణి, మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా ఉంటుంది. దాని తోక వంపును పొడిగిస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా సాగదీస్తే నీలి తెలుపు చిత్త తగులుతాయి. మే చివర అర్ధరాత్రి వేళ దక్షిణాన వృశ్చికం, దాని నడుమ ఎర్రని జ్యేష్ఠ నిలబడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులదే రాజ్యం కాబట్టి ఆ నెలల్లో మబ్బుల చీలికలో కనబడిన నాలుగు చుక్కలనే గీయండి, అది కూడా నిజమైన ఆకాశమే.

హైదరాబాద్ లాంటి నగరంలో ఉండి పాలపుంత గీయలేకపోతున్నామని నొచ్చుకునేవారికి ఒక మాట. దిగంతం మీద పసుపు నారింజ వెలుగు, పైన పట్టుమని పది చుక్కలు ఉన్న నగరపు ఆకాశాన్ని ఉన్నదున్నట్టు గీసిన కార్డు, ఫొటో చూసి గీసిన పాలపుంత కార్డు కంటే ఎక్కువ విలువైనది. అందుకున్నవారికి మీ మేడ మీది రాత్రి చేరుతుంది.

మేడ మీద నమోదు చేసుకోవలసినవి:
– ఊరు, తేదీ, గంట
– చూస్తున్న దిక్కు
– ప్రకాశమైన చుక్కల స్థానాలు, తెల్ల కాగితం మీద నల్ల పెన్సిలు చుక్కలుగా
– రంగు తేడా తెలిసిన చుక్కలు
– దిగంతం మీద ఉన్న చెట్లు, ఇళ్ళు, గుట్టల అంచు

పగటిపూట మీ చిత్తు బొమ్మను ఆకాశ పటం చూపే స్టెల్లేరియం వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అదే ఊరు, అదే గంట పెట్టి సరిచూసుకోండి. సరిచూసుకోవడానికే వాడండి; దాన్నే చూసి దించితే చేయి బిగుసుకుపోతుంది.

4. కొలత కుదుర్చుకోవడం

చాలా కార్డులు తప్పిపోయేది ఇక్కడే. చేయి చాచి పట్టుకున్న పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీల వెడల్పు ఉంటుంది, చిటికెన వేలు సుమారు 1 డిగ్రీ. ఈ రెండు కొలతలతో ఏ చుక్కకు ఏ చుక్క ఎంత దూరమో లెక్కగట్టి, కార్డు మీద ఒక డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో నిర్ణయించుకోండి.

ఓరియన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నిలువు కార్డు మీద డిగ్రీకి 4 మిల్లీమీటర్లు పెట్టుకుంటే, 14 సెంటీమీటర్ల ఎత్తులో 35 డిగ్రీల ఆకాశం పడుతుంది. వేటగాడి భుజం దగ్గరి ఎర్రని ఆర్ద్ర నక్షత్రం నుంచి పాదం దగ్గరి నీలి తెలుపు రైజెల్ నక్షత్రం వరకు ఉన్న దూరం 18 డిగ్రీల పైచిలుకు, అంటే కార్డు మీద సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. భుజాలుగా నిలిచే రెండు చుక్కల మధ్య దూరం ఏడున్నర డిగ్రీలు, అంటే 3 సెంటీమీటర్లు. నడుమ వరుసగా ఉండే మూడు చుక్కల పొడవు మూడు డిగ్రీల లోపే, అంటే 11 మిల్లీమీటర్లు. సాధారణంగా ఈ మూడు చుక్కలను మూడు, నాలుగు సెంటీమీటర్లకు సాగదీసి గీస్తారు, దాంతో రాశి పోలిక మొత్తం పోతుంది.

వాలు కూడా అంతే ముఖ్యం. మన ప్రాంతాల్లో ఓరియన్ తూర్పున ఉదయించేటప్పుడు పక్కకు ఒరిగి ఉంటుంది. ఆర్ద్ర ఎడమ వైపున, రైజెల్ కుడి వైపున, నడుమ మూడు చుక్కలు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి. పటాల్లో చూపినట్టు నిలబెట్టి గీస్తే అది తూర్పు దిగంతం మీది ఓరియన్ కాదు. ఇవన్నీ వేరే కాగితం మీద పెన్సిలుతో కుదుర్చుకుని పక్కన పెట్టుకోండి. కార్డు మీద పెన్సిలు గీతలు వేస్తే పూతలో కలిసి మురికి మరకలవుతాయి.

5. కాగితాన్ని పలకకు బిగించడం

మాస్కింగ్ టేప్ ముక్కను ముందు మీ చొక్కాకు ఒకటి రెండుసార్లు అంటించి తీసి, జిగురు కాస్త తగ్గించుకోండి. అప్పుడు కార్డు నాలుగు అంచుల మీద అరసెంటీమీటరు చొప్పున అంటించి, వేలిగోరుతో గట్టిగా రుద్దండి. ఆ అంచు చివరకు తెల్ల చట్రంగా మిగులుతుంది. కవరులో రాపిడి మొదట తగిలేది ఆ చట్రానికే కాబట్టి అది అలంకారం మాత్రమే కాదు, బొమ్మకు కంచె కూడా.

6. ఆకాశం పూత

మెట్టు 1. కాగితాన్ని చదును కుంచెతో శుభ్రమైన నీటితో తడపండి. పక్కనుంచి చూస్తే మెరుపు ఉండాలి, నీరు మాత్రం నిలవకూడదు.

మెట్టు 2. వెలుగు ఉండే చోటు నుంచే మొదలుపెట్టండి. దిగంతం దగ్గర బర్న్ట్ సియెన్నాను బాగా పల్చన చేసి, లేదా నీలంలో చిటికెడు క్రిమ్సన్ కలిపి, లేత పట్టీ వేయండి.

మెట్టు 3. పైనుంచి ఇండిగో, అల్ట్రామెరైన్ కలిపిన చిక్కటి రంగుతో కిందికి రండి. దిగంతానికి దగ్గరయ్యే కొద్దీ నీరు పెంచుతూ, రెండు రంగులు తడిలోనే కలిసేలా వదిలేయండి. కలిసే చోట కుంచెతో కెలకకండి.

మెట్టు 4. పూర్తిగా ఆరనివ్వండి. వేలి వెనుక భాగం ఆనిస్తే చల్లగా తగలకూడదు.

మెట్టు 5. నీటిరంగు ఆరాక లేతబడుతుంది కాబట్టి పైసగానికి రెండో పూత, అవసరమైతే మూడో పూత వేయండి. ఒక్క పూతలోనే చీకటి తెప్పించాలని చిక్కటి రంగు మెత్తితే అది పగుళ్ళు తీసి, ప్రయాణంలో కార్డు వంగినప్పుడు పొట్టులా రాలుతుంది.

నలుపును నేరుగా వాడకండి. నీలంలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు రంగుకు లోతు ఉంటుంది. సీసాలోని నలుపుకు అది రాదు.

పాలపుంత కావాలంటే మెట్టు 3 తర్వాత, పూత ఇంకా తడిగా ఉన్నప్పుడే, పిండిన కుంచెతో ఏటవాలుగా రంగును కొంత లేపేయండి. ఆ పట్టీ ధనుస్సు వైపు వెడల్పుగా, కాంతిగా ఉండి, పైకి పోయే కొద్దీ సన్నబడాలి. ఆరాక దాని నడుమ ముదురు రంగుతో అంచులు చెదిరిన నల్లటి చీలిక ఒకటి వేయండి. ఆ చీలిక లేకపోతే అది పొగలా కనబడుతుంది. కంటికి పాలపుంత బూడిద కలిసిన తెలుపుగానే కనబడుతుంది. ఊదా, గులాబీ రంగులు కెమెరా పట్టినవి; వేయదలచుకుంటే వేయండి, చూసి గీసిన కార్డు అని మాత్రం వెనుక రాయకండి.

తడి పూత మీద ఉప్పు చల్లి చుక్కలు తెప్పించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. పోస్టులో పంపే కార్డుకు నేను దాన్ని సిఫారసు చేయను. ఉప్పు వదిలే మచ్చలన్నీ ఒకే పరిమాణంలో వస్తాయి, పైగా కాగితంలో మిగిలిన ఉప్పు వానాకాలంలో తేమను పీల్చుకుంటుంది.

7. చుక్కలు

ఆకాశంలో ప్రకాశమైన నక్షత్రాలు కొద్ది, మసకవి ఎక్కువ. ఖగోళ లెక్కలో ప్రకాశం ఒక మెట్టు తగ్గే కొద్దీ నక్షత్రాల సంఖ్య సుమారు మూడింతలు అవుతుంది. ఈ నిష్పత్తినే కార్డు మీదికి తెచ్చుకోండి: మూడు పెద్ద చుక్కలు ఉంటే పది మధ్యరకం, ముప్పై చిన్నవి, మిగతావన్నీ సూది మొన పాటివి. అన్నీ ఒకే లావున పెట్టడమే కార్డును మచ్చల కాగితంగా మార్చే మొదటి తప్పు.

సూది మొన చుక్కలను ముందు చల్లాలి. తెల్ల పోస్టర్ రంగును పలచని మజ్జిగలా కలిపి, టూత్‌బ్రష్ కొనను అందులో ముంచి, ముందు చిత్తు కాగితం మీద బొటనవేలితో వెనక్కి లాగి చూడండి. పెద్ద బొట్లు పడుతుంటే బ్రష్‌ను గుడ్డకు అద్దాలి. ఏమీ పడకపోతే ఒక బొట్టు నీరు చేర్చాలి. నేల వచ్చే భాగాన్ని కాగితంతో కప్పి, ఒక జానెడు ఎత్తు నుంచి చల్లండి. పాలపుంత ఉన్న చోట మరోసారి చల్లాలి, మిగతా చోట ఒక్కసారి చాలు.

అవి ఆరాక, పక్కన పెట్టుకున్న కొలత పటం చూస్తూ రాశుల చుక్కలను ఒకటో నంబరు కుంచె మొనతో గానీ జెల్ పెన్‌తో గానీ ఒక్కొక్కటిగా పెట్టండి. ఆర్ద్రకు, రోహిణికి, జ్యేష్ఠకు తెలుపులో రవ్వంత నారింజ, రైజెల్‌కు రవ్వంత నీలం కలపండి. రంగు తెలిసీ తెలియనట్టుండాలి. నాలుగు వైపులా కిరణాలు గీయాలనిపిస్తే కార్డు మొత్తానికి ఒక్క నక్షత్రానికి మించవద్దు.

8. చంద్రుడు

గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథి చూస్తే చంద్రుణ్ణి ఏ ఆకారంలో, ఏ వేళకు, ఎక్కడ గీయాలో తెలిసిపోతుంది. విదియ, తదియ చంద్రరేఖ సూర్యాస్తమయం తర్వాత పడమట కాసేపే ఉంటుంది, అర్ధరాత్రి నడినెత్తిన ఉండదు. పున్నమి చంద్రుడు సూర్యుడు అస్తమించే వేళకు తూర్పున లేస్తాడు. బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో ఉదయిస్తాడు.

చంద్రరేఖ వెలుగు అంచు ఎప్పుడూ సూర్యుడున్న వైపుకే తిరిగి ఉంటుంది. మన ప్రాంతాల్లో సాయంత్రపు రేఖ తరచుగా పడవలా వెల్లకిలా పడుకుని కనబడుతుంది, కొమ్ములు పైకి ఉంటాయి. ఆ రెండు కొమ్ముల మధ్య నక్షత్రం పెట్టకండి. అక్కడ ఉన్నది చంద్రుని చీకటి భాగమే కాబట్టి దాని ముందు నక్షత్రం కనిపించే వీలు లేదు.

పరిమాణం సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. చంద్రుని వెడల్పు అర డిగ్రీయే. డిగ్రీకి 4 మిల్లీమీటర్ల లెక్కన కార్డు మీద చంద్రుడు 2 మిల్లీమీటర్లు మాత్రమే. కంటికి ఇంపుగా ఉండేందుకు 5, 6 మిల్లీమీటర్లకు పెంచుకోవచ్చు, కానీ రూపాయి బిళ్ళంత చేస్తే రాశులన్నీ మరుగుజ్జులవుతాయి. పున్నమి చంద్రుణ్ణి, పాలపుంతను ఒకే కార్డులో కలపకూడదు, ఆ వెలుగులో పాలపుంత కనిపించదు.

9. నేల

నేల ఎప్పుడూ చివర వేయాలి, ఎందుకంటే దాని ముదురు అంచు దగ్గర పడిన తప్పు చుక్కలన్నీ దానికింద కప్పబడతాయి. కార్డు ఎత్తులో ఐదో వంతుకు మించి నేలకు ఇవ్వకండి. మీ మేడ మీద నుంచి కనబడేదే వేయండి: నీళ్ళ ట్యాంకు, తాటిచెట్టు, సెల్ టవరు, గుడి గోపురం అంచు, చేను గట్టు. ఏ ఊరి కార్డైనా చార్మినారుతోనే నింపవలసిన అవసరం లేదు.

ఆరాక టేపును వెనక్కి మడిచి, బొమ్మకు దూరంగా, ఏటవాలుగా, మెల్లగా లాగండి. కాగితం లేస్తున్నట్టు అనిపిస్తే ఆగి, హెయిర్ డ్రయ్యర్‌తో టేపును కాస్త వేడి చేసి మళ్ళీ లాగండి.

10. కార్డు వెనుక వైపు

వెనుక రాసే నాలుగు ముక్కలే బొమ్మను మామూలు అలంకారం కాకుండా కాపాడతాయి. ఊరు, తేదీ, గంట, దిక్కు, గుర్తించిన నక్షత్రాల పేర్లు, వాడిన రంగులు రాయండి. నీళ్ళు తగిలితే చెదిరే సిరా వాడకండి. బాల్ పాయింట్ పెన్ అన్నిటికంటే నమ్మకమైనది. బొమ్మ వైపు మెత్తటి గుడ్డ పరిచి రాయండి, లేకపోతే పెన్ను ఒత్తిడికి ముందు వైపు గాట్లు పడతాయి.

11. కవరు కట్టడం

1. కార్డు కనీసం ఒక రోజంతా ఆరాలి, వానాకాలమైతే రెండు రోజులు.
2. బొమ్మ వైపు బటర్ పేపర్ పెట్టండి. ఆక్రిలిక్ రంగులు వాడినవారు ప్లాస్టిక్‌ను నేరుగా తగలనివ్వకూడదు, వేసవి వేడికి పూత మెత్తబడి దానికి అతుక్కుంటుంది.
3. వెనుక గట్టి అట్ట పెట్టండి. పాత పెళ్ళి శుభలేఖలు దీనికి సరిగ్గా సరిపోతాయి. కొన్నిటి కవర్లు కూడా పనికొస్తాయి.
4. ఈ మొత్తాన్ని పల్చని పాలిథిన్ కవరులో పెట్టి, నోరు టేపుతో మూయండి.
5. బయటి కాగితపు కవరులో కార్డు అటూ ఇటూ జారకుండా ఉండాలి. జారితే మూలలు దెబ్బతింటాయి.
6. తళుకులు, పూసలు, లక్క ముద్రలు వద్దు. ఎత్తుగా ఉన్నవి ముద్ర వేసేటప్పుడు నలిగి, పక్క ఉత్తరాలనూ పాడుచేస్తాయి.

12. పోస్టాఫీసులో

డబ్బాలో వేయకుండా కౌంటరు దగ్గర తూకం వేయించి స్టాంపులు అంటించండి. స్టాంపు తక్కువైతే ఆ లోటుకు రెట్టింపు మొత్తాన్ని అందుకునేవారి దగ్గర వసూలు చేస్తారు. కానుక పంపి వారి చేత డబ్బు కట్టించడం బాగుండదు. ఖాళీగా ఉన్న వేళలో వెళ్ళి, ముద్రను చేత్తో మెల్లగా వేయమని మర్యాదగా అడిగితే చాలాచోట్ల వేస్తారు.

చిరునామాలో పిన్‌కోడ్ ఆరంకెలూ విడివిడిగా, స్పష్టంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిన్‌కోడ్‌లు 5తో మొదలవుతాయి. మీరు రాసింది వేరే అంకెతో మొదలైతే అక్కడే ఆగి సరిచూసుకోండి. కార్డు జాడ తెలుసుకోవాలనుకుంటే స్పీడ్ పోస్టు దారి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో అందులోనే కలిపేశారు.

13. మార్పిడిని ఏర్పాటు చేయడం

ఇద్దరి మధ్య మార్పిడి సులువైనది. తేదీ అనుకుని ఒకే రోజు పోస్టు చేసుకుంటే చాలు. ఐదారుగురు కలిస్తే గొలుసు పద్ధతి మేలు: మొదటివారు రెండోవారికి, రెండోవారు మూడోవారికి, చివరివారు మొదటివారికి పంపుతారు. ఇందులో ఒక్కొక్కరు ఒక్క చిరునామాయే తెలుసుకుంటారు కనుక అందరి ఇంటి వివరాలూ అందరి చేతికీ వెళ్ళవు. ఆ జాబితా ఏర్పాటు చేసినవారి దగ్గరే ఉండాలి, మార్పిడి ముగిశాక చింపేయాలి.

ముందే ఒప్పుకోవలసినవి:
– కొలత, నిలువా అడ్డమా
– అంశం: ఒకే రాశి, ఒకే దిక్కు, లేదా ఒకే తిథి
– పోస్టు చేయవలసిన ఆఖరి తేదీ
– పంపేముందు రెండు వైపులా ఫొటో తీసుకోవడం
– అందగానే తెలియజేయడం
– ఎవరైనా పంపలేకపోతే వారి బదులు కార్డు గీసి పంపే బాధ్యత ఎవరిది

చివరి అంశాన్ని దాటవేయకండి. గొలుసులో ఒకరు జారిపోతే ఎదురుచూసిన మనిషి ఖాళీ చేతులతో మిగులుతారు, తర్వాతి విడతకు వారు రారు. ఏర్పాటు చేసేవారు అదనంగా ఒక కార్డు సిద్ధంగా ఉంచుకోవడం ఉత్తమం.

ఆకాశం ఒకరు, నేల ఒకరు వేసే మార్పిడి నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మొదటివారు ఆకాశం, చుక్కలు వేసి, కింది ఐదో వంతు లేత పూతతో వదిలి పంపుతారు. రెండోవారు అదే దిక్కున తమ ఊరి దిగంతాన్ని వేస్తారు. ఇందుకు రెండు షరతులు ఉన్నాయి. మొదటివారు మైనం గానీ వార్నిష్ గానీ పూయకూడదు, పూస్తే పై రంగు పట్టదు. దిక్కు, గంట తప్పకుండా వెనుక రాయాలి, లేకపోతే దక్షిణపు వృశ్చికం కింద ఉత్తరపు కొండలు వచ్చి చేరతాయి.

14. విదేశాల్లో ఉన్నవారితో మార్పిడి

న్యూజెర్సీలో, లండన్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న మనవారితో ఈ మార్పిడికి ప్రత్యేకమైన అర్థం ఉంది, ఎందుకంటే వారి ఆకాశం నిజంగానే వేరు. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి సమానం. హైదరాబాద్‌లో అది దిగంతం మీద 17 డిగ్రీలే, అంటే రెండు పిడికిళ్ళ లోపు. న్యూజెర్సీలో సుమారు 40, లండన్‌లో 51. మెల్‌బోర్న్‌లో అది కనిపించనే కనిపించదు.

మనకు శీతాకాలపు రాత్రుల్లో దక్షిణాన కనిపించే అగస్త్య నక్షత్రం న్యూజెర్సీలో గానీ లండన్‌లో గానీ ఎప్పుడూ ఉదయించదు. కనుక అక్కడి స్నేహితులకు పంపే కార్డుకు అగస్త్యుడు చక్కని ఎంపిక. వారు ధ్రువుణ్ణి తమ ఎత్తులో గీసి పంపితే జోడీ కుదురుతుంది.

మెల్‌బోర్న్‌తో అయితే జనవరిలో ఒకే వారం, ఓరియన్ ఆకాశంలో బాగా పైకెక్కిన వేళ చూసి, ఇద్దరూ దాన్ని గీయండి. కాకినాడ కార్డులో ఆర్ద్ర పైన, రైజెల్ కింద ఉంటాయి. మెల్‌బోర్న్ కార్డులో రైజెల్ పైన, ఆర్ద్ర కింద ఉంటాయి.

దేశం పేరును చిరునామా చివరి వరుసలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో రాయండి, ఎయిర్ మెయిల్ గుర్తు పెట్టండి. ఆస్ట్రేలియాకు పంపే కవరులో ఎండుటాకులు, పూలు, గింజలు పెట్టకండి, అక్కడి తనిఖీలో ఆపేస్తారు.

15. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

పూతలో కాలీఫ్లవర్ ఆకారపు మరకలు పడ్డాయి: సగం ఆరిన పూత మీద నీటి బొట్టు పడింది. పూర్తిగా ఆరనిచ్చి, ఆ చోట ముదురు పూత వేయండి, లేదా మబ్బుగా మలచండి.

తెల్ల చుక్కలు ఆరాక నీలిబారాయి: కింది రంగు కరిగి కలిసింది. పూత బాగా ఆరాక చిక్కటి తెలుపుతో ముఖ్యమైన చుక్కలను మాత్రమే మళ్ళీ పెట్టండి.

చల్లేటప్పుడు పెద్ద బొట్టు పడింది: తుడవకండి. ఆరాక దాని మీద ఆకాశపు రంగును సన్నటి కుంచెతో అద్దండి, లేదా ఆ చోట గ్రహం ఉండే వీలుంటే గ్రహంగా ఉంచండి.

కార్డు విల్లులా వంగింది: వెనుక వైపు కొద్దిగా తడిపి, రెండు శుభ్రమైన కాగితాల మధ్య బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి.

అందిన కార్డు తడిగా ఉంది: ఎండలో పెట్టకండి, పాలిథిన్‌ను వెంటనే తీయకండి. ఒక అంచు కత్తిరించి, ఫ్యాను కింద ఒక పూట ఉంచి, బటర్ పేపర్ దానంతట అది వదులైనప్పుడే లాగండి.

అందిన కార్డులను దాచేటప్పుడు కవరును కూడా పారేయకండి. దాని మీది పోస్టు ముద్ర తేదీకీ, కార్డు వెనుక రాసిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో చూసుకుంటే తర్వాతి మార్పిడికి ఆఖరి తేదీ ఎప్పుడు పెట్టాలో తెలుస్తుంది.